జర్మనీ వచ్చి మూడు నెలలైంది, ఎప్పటికి అలవాటవుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. నరసరావుపేట నుంచి అక్టోబర్‌లో మాస్టర్స్‌కి మాగ్డెబుర్గ్ వచ్చావు. రాత్రి పదిన్నరకి వాషింగ్ మెషీన్ వేశావని కింది ఫ్లోర్ పెద్దావిడ నీ తలుపుకి చీటీ అంటించింది. క్లాసులో ఎవరూ తమంతట తాము పలకరించరు. ఆదివారం వస్తే పిచ్చెక్కుతోంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉన్నానని అబద్ధం చెప్తున్నావు. ఇదంతా అలవాటవడానికి ఎంతకాలం పడుతుంది, లేక వెనక్కి వచ్చేయనా అని అడిగావు.

నేను 2014 అక్టోబర్‌లో అదే ఊళ్లో దిగాను, ఇదే మాస్టర్స్ దారిలో. చదువయ్యాక ఉద్యోగానికి స్టుట్‌గార్ట్ పక్కకి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కాబట్టి నీ చీటీ లాంటివి నా దగ్గర కూడా కొన్ని ఉన్నాయి.

ముందు ఒక మాట. జనవరిలో ఏ నిర్ణయమూ తీసుకోకు. మాగ్డెబుర్గ్‌లో ఇప్పుడు పొద్దున ఎనిమిది దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి లైట్లు వేసుకోవాలి, మధ్యలో ఉన్న ఆ కాసేపు కూడా మబ్బే. పుట్టినప్పటి నుంచి పల్నాడు ఎండలో తిరిగిన ఒంటికి ఇది మామూలు విషయం కాదు, నీ మనసు బలహీనమని కాదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఎల్బే నది ఒడ్డున గడ్డి మీద కూర్చుని జనం కబుర్లు చెప్పుకుంటుంటారు, అదే ఊరు, అదే మనుషులు. జూన్ చూసి అప్పుడు కూడా వెళ్లిపోవాలనిపిస్తే నిక్షేపంగా వెళ్లు, ఎవరేమంటారు. ఇక నిద్ర పట్టకపోవడం, క్లాసుకి వెళ్లాలనిపించకపోవడం, తిండి సయించకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం జూన్ దాకా ఆగకు. యూనివర్సిటీ విద్యార్థులకి మానసిక సలహా ఇచ్చే కేంద్రాలు ఉంటాయి, చాలాచోట్ల ఉచితం, ఇంగ్లీషులో కూడా మాట్లాడతారు. సిగ్గుపడే పని కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర ఏ పని కావాలన్నా ముందు మనిషిని వెతుక్కుంటాం. అద్దె ఇల్లు కావాలంటే బాబాయి స్నేహితుడు, సర్టిఫికెట్ కావాలంటే ఆఫీసులో తెలిసినతను, ఏసీ పాడైతే పక్కింటివాళ్ల మెకానిక్. పని కోసం వెళ్తాం, టీ తాగుతాం, మీది ఏ ఊరంటే మీది ఏ ఊరని అడుక్కుంటాం, చుట్టరికం కలుస్తుంది. మనుషులతో పరిచయాలన్నీ ఇలా పనుల పక్కనే వాటంతటవే పెరుగుతాయి. జర్మనీలో పనికి మనిషి అక్కర్లేదు, కాగితం చాలు. కాగితం సరిగ్గా ఉంటే నువ్వెవరో తెలియకపోయినా పనవుతుంది, సరిగ్గా లేకపోతే మేయర్ మేనల్లుడివైనా అవ్వదు. ఇందులో సుఖం ఉంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. కానీ దాని వల్లే మూడు నెలలైనా నీకు ఒక్క పరిచయం కూడా కలగలేదు. వాళ్లు నిన్ను దూరం పెట్టారని కాదు, పరిచయం కలగడానికి ఇక్కడ దారి వేరే ఉంది. అది తర్వాత చెప్తాను, ముందు కాగితాల గోల తేల్చేద్దాం.

కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు, అదే ఆన్‌మెల్డుంగ్, నువ్వు చేసుకునే ఉంటావు. దాంతో అయిపోయిందనుకోకు. మెయిల్ బాక్స్ మీద నీ పేరుందా? ఇది అడగడానికి కారణం ఉంది. ఇక్కడ ఉత్తరం ఫ్లాట్ నంబర్ చూసి కాదు, డబ్బా మీద పేరు చూసి వేస్తారు, చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లే ఉండవు. నేను మొదట్లో పేరు అంటించలేదు, నా బ్యాంక్ కార్డు పిన్ రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయింది, నేనేమో బ్యాంకువాళ్లని తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి నోట్‌బుక్ కాగితం చింపి పేరు రాసి టేపు వేశాను. మూడో రోజుకి వచ్చింది.

వచ్చిన ప్రతి ఉత్తరం ఆ రోజే విప్పు. అర్థం కాకపోతే ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చూసుకో. పసుపు రంగు కవరు వచ్చిందంటే మరీ జాగ్రత్త, దాని మీద పోస్ట్‌మన్ తేదీ వేసి వెళ్తాడు, నువ్వు విప్పినా విప్పకపోయినా గడువు ఆ తేదీ నుంచే నడుస్తుంది. టీవీ లేకపోయినా రేడియో, టీవీ చందా కట్టమని ఉత్తరం వస్తుంది, మోసమేమో అనుకుని పారేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది మోసం కాదు. నెలకి 18.36 యూరోలు, మనిషికి కాదు ఇంటికి, అంటే షేరింగ్ ఫ్లాట్‌లో ముగ్గురుంటే ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకుంటే సరిపోతుంది. నేను ఒక జిమ్‌లో ఏడాది కాంట్రాక్ట్ తీసుకుని, మానేస్తున్నానని చెప్పాల్సిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యంగా ఉత్తరం రాశాను. ఇంకో ఏడాది డబ్బులు లాగారు. కౌంటర్ దగ్గర అమ్మాయిని ఎంత బతిమాలినా నవ్వుతూనే 'కాంట్రాక్టులో రాసుంది కదా' అంది. 2022 మార్చి నుంచి చేసుకున్న ఇలాంటి ఒప్పందాలకి చట్టం మారింది, మొదటి గడువు అయ్యాక నెల నోటీసుతో బయటపడొచ్చు. అయినా ఇంటి అద్దెకి మాత్రం మూడు నెలల నోటీసే, అది మర్చిపోయి రెండు ఇళ్లకి అద్దె కట్టినవాళ్లున్నారు.

సరే, చీటీ. అది చూసి నీకు అవమానంగా అనిపించింది, నాకు తెలుసు. మన ఊళ్లో పక్కింటివాళ్లు చీటీ అంటించారంటే ఇక మాటల్లేవనే అర్థం. ఇక్కడ తిరగేసి చదువుకో. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దంగా ఉండాలి, ఆదివారం రోజంతా ఉండాలి, కొన్ని బిల్డింగుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా కూడా రాసుంటుంది. దీన్ని రూహెట్సైట్ అంటారు, మెట్ల దగ్గర గోడకి అంటించిన ఆ కాగితంలో ఉంటుంది, మనం ఒక్కరం కూడా చదవం. ఆవిడ ఓనర్‌కి ఫిర్యాదు చేయలేదు చూడు, నీకే నేరుగా చెప్పింది. ఇక్కడ మొహం మీద చెప్పడం కోపం కాదు, అది వాళ్ల పద్ధతి. చీటీలో మెషీన్ గురించే ఉంది కదా, నీ గురించి కాదు.

అలాగని ప్రతిదీ సంస్కృతి తేడా అని సర్దుకుపొమ్మని చెప్పను. జాతి వివక్ష ఇక్కడ ఉంది, ట్రామ్‌లో అరిచేవాళ్లుంటారు, ఫోన్‌లో మన పేరు వినగానే ఫ్లాట్ అయిపోయిందనేవాళ్లూ ఉంటారు. నాకూ అయ్యాయి. నువ్వు చేసిన పని గురించి మాట్లాడితే వినాలి, నీ రంగు గురించి మాట్లాడితే అక్కడ వాదన పెట్టుకోకుండా ముందు నలుగురున్న వైపు జరగాలి, భయమేస్తే 110కి ఫోన్ చేయాలి. ఈ రెండూ కలిపేసుకున్నవాళ్లు ప్రతి చీటీకీ నెల రోజులు బాధపడతారు.

ఆదివారం సంగతి. షాపులు మూసేస్తారని తిట్టుకుంటాం, నేనూ తిట్టుకున్నాను. కానీ అది వ్యాపారులు సరదాగా పెట్టుకున్న సెలవు కాదు, 1919 వైమార్ రాజ్యాంగంలో ఆదివారానికి విశ్రాంతి దినంగా రక్షణ ఇస్తూ రాసిన వాక్యాన్ని 1949 రాజ్యాంగం అలాగే తీసుకుంది. కాబట్టి అది మారుతుందని ఎదురుచూడకుండా శనివారం కూరగాయలు, పాలు తెచ్చిపెట్టుకో. మరీ అవసరమైతే రైల్వే స్టేషన్ షాపులు, పెట్రోల్ బంకులు ఉన్నాయి, పొద్దున కొన్ని బేకరీలు తెరుస్తారు. గాజు సీసాలు కూడా ఆదివారం డబ్బాలో వేయకూడదు, ఆ చప్పుడుకి ఎవరో ఒకరు కిటికీ తెరుస్తారు. బీరు, కూల్‌డ్రింక్ సీసాల్లో ఎక్కువ వాటికి డిపాజిట్ ఉంటుంది, ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకి, క్యాన్‌కి 25 సెంట్లు, అవి పారేయకు, సూపర్ మార్కెట్లో మెషీన్‌లో వేస్తే చీటీ ఇస్తుంది. మొదటి సంవత్సరం నెలాఖరులో నా పాల ఖర్చు ఆ చీటీలతోనే వెళ్లేది.

ఇప్పుడు మొహమాటం గురించి. ఇది కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కానీ ఎవరూ చెప్పరు.

నా మొదటి డిసెంబర్‌లో ఒక క్లాస్‌మేట్ ఇంటికి పిలిచాడు. ఏడింటికి అన్నాడు, నేను మన లెక్కలో ఏడున్నరకి వెళ్లాను. అప్పటికే తినడం మొదలుపెట్టారు. నేను వెళ్లగానే 'తింటావా' అని అడిగాడు. కడుపు నకనకలాడుతోంది. అయినా నోటి నుంచి 'వద్దులే, పర్లేదు' అనే వచ్చింది, ఇరవై మూడేళ్ల అలవాటు. మన ఇంట్లో అయితే ఆ 'వద్దులే' తర్వాత అసలు కథ మొదలవుతుంది కదా, అదేం కుదరదు, కనీసం ఒక ముద్ద అని ప్లేటు పెట్టేస్తారు. అతను 'ఓకే' అన్నాడు. అంతే. గిన్నె మీద మూత పెట్టి, ఫ్రిజ్ తలుపు తీసి, లోపల పెట్టేశాడు. ఆ ఫ్రిజ్ తలుపు మూసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడు గంటలు నీళ్లు తాగుతూ కూర్చున్నాను, అవి కూడా గ్యాస్ నీళ్లు. బయటికొచ్చి స్టేషన్ దగ్గర డోనర్ కబాబ్ తిన్నాను.

అతను పిసినారి కాదు. వద్దని నువ్వే చెప్పావు, నీ మాటకి విలువిచ్చాడు, అంతే. ఇక్కడ మొదటి 'వద్దు' నిజంగా వద్దే, మొదటి 'అవును' నిజంగా అవునే. 'ఎప్పుడైనా కలుద్దాం' అని నువ్వంటే 'ఎప్పుడు' అని ఫోన్‌లో క్యాలెండర్ తీస్తారు, మూడు వారాల తర్వాత గురువారం ఆరింటికి అంటారు, నువ్వు నవ్వుకుంటావు, కానీ ఆ గురువారం ఆరింటికి నిజంగా వచ్చి నిలబడతారు. రానంటే రానని ముందే చెప్పు, 'చూద్దాంలే' అనకు. వాళ్లు మన ఇంటికొచ్చినా ఇదే తిరగబడుతుంది. నువ్వు ప్రేమతో ఇంకొంచెం, ఇంకొంచెం అని వడ్డిస్తుంటే, ప్లేటులో వదిలేయడం తప్పని పెరిగినవాళ్లు కదా, కష్టపడి తింటూనే ఉంటారు. ఒకసారి నా కొలీగ్ ఒకతను మూడోసారి పులిహోర పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, దాదాపు భయంతో, 'ఇది తప్పనిసరా' అని అడిగాడు.

పుట్టినరోజు కూడా ఉల్టా. ఇక్కడ పుట్టినరోజు ఉన్నవాడే కేకు తెచ్చి అందరికీ పెట్టాలి, వాళ్లు తెస్తారని ఎదురుచూస్తే ఆ రోజు అలాగే గడిచిపోతుంది. ముందు రోజే శుభాకాంక్షలు చెప్పకు, అపశకునం అనుకుంటారు. (శకునాలు మనకే ఉన్నాయనుకున్నాను ఇక్కడికొచ్చే దాకా.) హోటల్లో బిల్లు వచ్చినప్పుడు కలిపా, విడివిడిగానా అని వెయిటర్ అడుగుతాడు, విడివిడిగా అన్నారని నొచ్చుకోకు. నేనిస్తానంటే నేనిస్తానని చేతులు పట్టుకుని లాక్కోవడం ఇక్కడ చేస్తే కొట్టుకుంటున్నారేమో అని చూస్తారు.

పిలుపుల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వీళ్లకి 'డు', 'జీ' ఉన్నాయి, 'జీ' అంటే హిందీ జీ గుర్తొస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక, కాకపోతే అందులో జ ని ఇంగ్లీషు z లాగా పలకాలి. ఇంగ్లీషు వాళ్లు దీంతో ఏళ్ల తరబడి తంటాలు పడతారు, మనకి వారంలో వచ్చేస్తుంది. ఒక తేడా చూసుకో. మనం అమ్మని నువ్వంటాం, చిన్నవాడైనా కొత్తవాడైతే మీరంటాం, ఎప్పుడు మారామో కూడా గమనించం. ఇక్కడ 'జీ' నుంచి 'డు'కి మారడం చెప్పి చేసే పని, పెద్దవాళ్లే ముందు అడగాలి. విద్యార్థులంతా ఒకరినొకరు డు, ప్రొఫెసర్‌ని జీ, కింది ఫ్లోర్ ఆవిడని కచ్చితంగా జీ.

స్టుట్‌గార్ట్ వైపు కేర్‌వోఖే అని ఒక ఆచారం ఉంది, బిల్డింగులో వంతులవారీగా ఒక్కో ఇల్లు ఒక్కో వారం మెట్లు ఊడ్చి తుడవాలి. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి చిన్న పలక తగిలిస్తారు. మొదటి వారం నేను చీపురుతో పైపైన అనేసి పలక పక్కింటికి తగిలించాను. పక్కింటి ముసలావిడ నన్ను పిలిచి, మెట్టు మూలలో వేలు పెట్టి, ఆ వేలు నాకు చూపించింది. మా అమ్మ సరిగ్గా ఇలాగే చేసేది, నాకు నవ్వొచ్చింది, ఆవిడకి కోపమొచ్చింది. తర్వాత మూలలన్నీ తుడిచాను. నాలుగేళ్లు ఆవిడతో నా మాటలన్నీ మెట్ల గురించే. ఒక జనవరిలో నేను వెళ్లి, మా పండగ, మా తలుపు ముందు సుద్దతో ముగ్గు వేయొచ్చా అని అడిగాను. కడిగితే పోతుందా అంది. పోతుందన్నాను. సరే అంది. సాయంత్రం ఆ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చి, ఒక డబ్బాలో బిస్కట్లు ఇచ్చి, ఇకనుంచి నన్ను డు అనొచ్చు అంది. నాలుగేళ్లు పట్టింది, అవును. కానీ ఆ తర్వాత మా ఇంటి తాళం చెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉండేది.

ఇక పరిచయాలకి దారి ఏదన్నానే, అది ఫెరైన్. అంటే క్లబ్బు, సంఘం. ఏడుగురు కలిస్తే ఇక్కడ ఫెరైన్ రిజిస్టర్ చేయొచ్చు, దేశంలో ఆరు లక్షలకి పైగా ఉన్నాయి. కుందేళ్లు పెంచేవాళ్లకి ఉంది, చదరంగానికి ఉంది, పాటలు పాడేవాళ్లకి ఉంది. మనకి వీధి చివర అరుగు ఎలాగో వీళ్లకి ఇది అలాగ. యూనివర్సిటీలో ఆటల కోర్సులు చాలా తక్కువ డబ్బులకి ఉంటాయి, సెమిస్టర్ మొదట్లోనే నిండిపోతాయి కాబట్టి ఏప్రిల్ కోసం ఇప్పటి నుంచే తేదీ చూసిపెట్టుకో. నేను బ్యాడ్మింటన్‌లో చేరాను. మొదటి రెండు నెలలు ఆడేసి బ్యాగు తగిలించుకుని వచ్చేసేవాణ్ణి, ఎవరూ మాట్లాడలేదు. ఒకరోజు వాన పడుతుంటే ఆగిపోయి, ఊరికే నిలబడలేక నెట్ మడతపెట్టడంలో చెయ్యి వేశాను. ఆ పది నిమిషాల్లోనే నా పేరు అడిగారు. తర్వాతి వారం నుంచి నెట్ కట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆటకి కాదు, ఆట ముందు, ఆట తర్వాత ఉండు.

మనవాళ్లతో తిరగకు, జర్మన్లతోనే కలువు అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పట్టించుకోకు. శనివారం నలుగురు కలిసి గుత్తి వంకాయ వండుకోకపోతే ఆదివారం ఎలా గడుస్తుంది? కాకపోతే తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన రూల్ నమ్మి వీసా, ఇన్సూరెన్స్ నిర్ణయాలు చేయకు, ఆఫీసు వెబ్‌సైట్లోనే చూడు. జర్మన్ భాష మాత్రం వదలకు. క్లాసులో ఇంగ్లీషు చాలు, బేకరీలో చాలదు. వాళ్లు ఇంగ్లీషులోకి మారినా నువ్వు జర్మన్‌లోనే తప్పులతో లాగించు.

వంట గురించి నువ్వు అడగలేదు కానీ చెప్తాను, ఇంటి డిపాజిట్ పోయేది అక్కడే. మీ గదిలో కిటికీ పిడి కిందికి ఉంటే మూసి ఉన్నట్టు, పక్కకి తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైనుంచి కొంచెం వాలుతుంది. మనం చలికి భయపడి అసలు తెరవం, లేదా రోజంతా వాల్చి ఉంచుతాం, రెండూ తప్పే. అన్నం ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తేమ, చల్లని గోడ, మూడూ కలిసి మార్చికల్లా మంచం వెనక నల్లటి బూజు. రోజుకి రెండు మూడుసార్లు, ఐదు పది నిమిషాలు, హీటర్ తగ్గించి కిటికీ బార్లా తెరువు, పోపు పెట్టాక మరీ. నేను చేయలేదు, ఒక ఓనర్ నా డిపాజిట్‌లో సగం గోడకి రంగుల పేరుతో పట్టుకున్నాడు. ఒంటి గది ఫ్లాట్ అయితే ఎండుమిర్చి పోపుకి స్మోక్ అలారం కూడా మోగుతుంది, మూకుడు వేడెక్కకముందే కిటికీ తీసిపెట్టుకో. పెరుగుకి టర్కీ షాపులో 10 శాతం కొవ్వుదని రాసిన బకెట్ కొను, అన్నంలోకి అదే మన పెరుగుకి దగ్గర.

డాక్టర్ దగ్గరికి జ్వరమని వెళ్తే యాంటీబయోటిక్ ఇవ్వరు, టీ తాగి పడుకోమంటారు, కంగారుపడకు. రాత్రిపూట ఒంట్లో బాగాలేక, ప్రాణం మీదికి మాత్రం రాకపోతే 116117, నిజంగా అత్యవసరమైతే 112. వెయిటింగ్ గదిలోకి అడుగుపెట్టగానే అక్కడున్న అందరికీ కలిపి గుడ్ మార్నింగ్ చెప్పాలి, తెలియకపోయినా సరే. పలకరించరని నువ్వు తిట్టుకుంటున్న మనుషులే ఇక్కడ తలెత్తి బదులు చెప్తారు. మెట్ల మీద ఎదురుపడ్డా అంతే, ముందు నువ్వే పలకరించు.

అబద్ధం చెప్పడం మానేసి అమ్మకి ఆ చీటీ సంగతి చెప్పేయ్. నవ్వుతుంది, లేదా నిన్నే తిడుతుంది, రాత్రిపూట బట్టలుతకడం ఏంటని.

ఆ తర్వాత ఈ శనివారం ఒక చాక్లెట్ కొనుక్కుని కిందికి దిగి బెల్ కొట్టు. పేరు చెప్పు, సారీ చెప్పు, మెషీన్ ఎప్పుడు వేసుకుంటే మీకు ఇబ్బంది ఉండదని అడుగు. లోపలికి పిలవకపోవచ్చు, గుమ్మంలోనే రెండు నిమిషాల్లో అయిపోవచ్చు, అలా అయినా పనైనట్టే. టీ తాగుతావా అని అడిగితే ఒక్కసారే అడుగుతుంది, అవునని చెప్పు. వెళ్లేది మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య కాదు.